మూడు రోజుల పెద్దమ్మ

మా పెద్దమ్మ ఎవరు దేనికి "సరే" అన్నా ఆ రోజుకి నమ్మదు. మూడు రోజులు ఆగుతుంది. ఆ తర్వాత కూడా మనిషి అదే మాట మీద ఉంటే, అప్పుడు ముఖంలోకి చూసి, "అయితే నిజంగానే అన్నావన్నమాట!" అని సంతోషిస్తుంది. అందాకా మీరిచ్చిన మాట, చేసిన శపథం, తిట్టిన తిట్టు, మెచ్చుకున్న కూర అన్నీ ఆవిడ దృష్టిలో తాత్కాలికమే.

ఇది ఉద్యోగం వల్ల అంటుకున్న జబ్బని మా ఇంట్లో అందరి నమ్మకం. పెద్దమ్మ ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణ కార్యాలయంలో నాలుగో కౌంటర్‌లో కూర్చుంటుంది. ఇల్లు కొంటామనో ఇంటికి అప్పు తీసుకుంటామనో సంతకం పెట్టినవాళ్ళు మూడు రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి తగ్గవచ్చని, కట్టిన డబ్బంతా తిరిగి వస్తుందని ఒక నియమం ఉంది. అలా తగ్గేవాళ్ళ కాగితాలు తీసుకుని, తేదీ, గంట, నిమిషం పడే స్టాంపు వేయడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా వేస్తోంది. అలాంటిదే ఇంకో స్టాంపు సొంత డబ్బుతో కొనుక్కుని చేతిసంచిలో పెట్టుకుంది. ఊదారంగు సిరా డబ్బా సహా.

ఒక ఆదివారం మా అమ్మ కోపంలో ఆవిడని "మొండిఘటం" అంది. పెద్దమ్మ సంచిలోంచి చీటీ తీసి, ఆ మాట రాసి, టప్ మని స్టాంపు వేసింది.

"పదకొండు నలభై అయింది చెల్లీ. బుధవారం పదకొండు నలభై దాకా వెనక్కి తీసుకోవచ్చు."

బుధవారం పదకొండున్నరకి అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఘటం వెనక్కి తీసుకుంటున్నాను. మొండి మాత్రం ఉంచుకో."

"సగం రద్దు కుదరదే. మొత్తం తీసేసుకో, లేదా మొత్తం ఉంచు."

"అయితే మొత్తం ఉంచు!" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ చీటీ ఇప్పటికీ పెద్దమ్మ ఇంట్లో గోడగడియారం కింద అంటించి ఉంది.

కూరగాయల ఆవిడ దగ్గర టమాటాలు ఏరుకుంటూ కూడా పెద్దమ్మ అడుగుతుంది: "మూడు రోజుల్లో మనసు మారితే వెనక్కి తీసుకుంటావా?"

"మూడు రోజులైతే మీ మనసేం ఖర్మ, టమాటాలే మారిపోతాయమ్మా," అంటుంది ఆవిడ.

"అందుకే ముందే అడుగుతున్నాను."

"అయితే ఉల్లిపాయలు తీసుకోండి, అవి ఆలోచించుకోడానికి టైమిస్తాయి."

మా పెద్దనాన్న రిటైరైన బస్సు కండక్టరు. ముప్ఫై అయిదేళ్ళు జనాన్ని "రైట్, రైట్" అని ముందుకు పంపిన మనిషికి "ఆగు" అనే భార్య దొరికింది. ఆయన జుట్టు కత్తిరించుకోవాలన్నా మూడు రోజుల ముందు చెప్పాలి. కత్తిరించాక వెనక్కి అతికించే వీల్లేదు కనక ముందే ఆలోచించుకోవాలని పెద్దమ్మ వాదన. ఆయనకి అద్దం చూసుకుని చిరాకు పుట్టేది సోమవారాలు. గడువు తీరేది గురువారం. గురువారం క్షౌరశాలకి సెలవు. శుక్రవారానికల్లా ఆ చిరాకు కాస్తా పోయేది. అందుకని పెద్దనాన్న జుట్టు భుజాల దాకా పెరిగింది. కొత్తవాళ్ళు ఆయన్ని పెద్ద సంగీత విద్వాంసుడనుకుని పక్కకి జరిగి చోటిస్తారు. ఆయన కూడా ఇప్పుడు బజార్లో నడిచేటప్పుడు కాస్త తల ఊపుతూ నడుస్తున్నాడు.

నా సంగతి సరేసరి. అయిదు నెలల కిందట మా పాప పుట్టేటప్పుడు, కాన్పు గదిలోంచి "జన్మలో ఇంకొకర్ని కనను!" అని అరిచానట. బయట బల్ల మీద కూర్చున్న పెద్దమ్మ టైము చూసుకుని చీటీ రాసింది. మూడో రోజు పొద్దున్న నా మంచం దగ్గరికొచ్చి, "ఇంకా అరగంట ఉందమ్మా, ఈ మాట ఉంచుతావా, చింపుతావా?" అని అడిగింది. ఒళ్ళో పాప నా వేలు పట్టుకుని నిద్రపోతోంది. చింపెయ్యమన్నాను. మా ఆయన ఆ ముక్కలు ఏరి దాచుకున్నాడు, ఎందుకైనా మంచిదని.

నేను చదివింది కెమిస్ట్రీ. నీళ్ళు పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం. పాప పుట్టాక పరీక్షించడం ఇంట్లో కూడా మొదలైంది. మేముంటున్న అద్దె ఇంట్లో పడగ్గది గోడకి చెమ్మ. మూల నల్లటి మచ్చ. పాప రోజుకెన్నిసార్లు తుమ్ముతోందో, మచ్చ ఎన్ని అంగుళాలు పెరిగిందో రాసుకుని రెండింటికీ కలిపి గ్రాఫు గీశాను. మా ఆయన ఆ గ్రాఫు చూసి, "ఇందులో నీ తుమ్ములు రెండు కలిశాయి," అన్నాడు. అయినా గీత పైకే పోతోంది. నాకు నిద్ర పట్టడం మానేసింది. పొడిగా ఉండే నాలుగు గోడలు కావాలి, అది కూడా వెంటనే.

అలాంటి సమయంలో కొత్తగా కడుతున్న ఫ్లాట్ల ప్రకటన చూసి, ఒక సోమవారం మధ్యాహ్నం పాపని ఎత్తుకుని ఇద్దరం వెళ్ళాం. పెద్దమ్మకి చెప్పలేదు. చెబితే చూడ్డానికి వెళ్ళడానికే మూడు రోజులు ఆగమంటుంది.

అమ్మకాల మేనేజరు ఎంత మంచివాడో! పాపని ఎత్తుకున్నాడు. కొత్త కుందేలు బొమ్మ ఇచ్చాడు. అయిదో అంతస్తులో ఫ్లాటు చూపించి, "ఇది పాప గది మేడమ్," అన్నాడు. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. చెంప ఆనించి చూశాను. ఇంకా పొడిగా ఉంది.

"చూడండి, పాప నవ్వింది. పాపకి నచ్చేసింది!" అన్నాడు మేనేజరు.

"అది గ్యాసండీ," అన్నాడు మా ఆయన.

"మొదటి రెండేళ్ళు నెలవాయిదా మీ అద్దెకన్నా తక్కువే సార్."

"ఆ తర్వాతో?"

"మార్కెట్‌ని బట్టి. పెరగొచ్చు, తగ్గొచ్చు. జీవితం కూడా అంతే కదండీ."

జీవితం గురించి ఆయన అంత లోతుగా మాట్లాడాక ఇంకేం అడుగుతాం? పైగా ఆ ధర ఆ సాయంత్రం దాకానేనట. మా పక్కనే ఇంకో జంట అదే ఫ్లాటు వైపు చూస్తూ నించుంది. మూడు గంటల యాభై నిమిషాలకి ముప్ఫై ఎనిమిది చోట్ల సంతకాలు పెట్టాం. నా అంత ఎత్తున్న అట్ట తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీశారు. ఫొటోలో మేమిద్దరం నవ్వుతున్నాం, పాప తాళంచెవిని కొరుకుతోంది. ఆ అట్టకి వేసిన రంగులో ఏముందోనని నాకు దారంతా బెంగే.

ఇంటికి పోతూ పెద్దమ్మ దగ్గర ఆగి సంగతి చెప్పాం. "శుభం" అనలేదు. సంచి తెరిచింది. టప్.

"గురువారం మూడూ యాభై. ఈలోపు అన్ని కాగితాలూ చదువుకోండి."

"పెద్దమ్మా, కనీసం 'బాగుందే' అనొచ్చు కదా!"

"శుక్రవారం అంటాను."

కోపంతో ఇంటికొచ్చి, ఆ కోపంలోనే కాగితాలు చదవడం మొదలుపెట్టాను. పంతొమ్మిదో పేజీ అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఇరవై అయిదో నెల నుంచి వడ్డీ ఎంత పెంచాలో అప్పిచ్చినవాళ్ళ ఇష్టం, దానికి పైమితి ఏమీ లేదు. ప్రయోగశాలలో చీమతలకాయంత మలినం కూడా వదలనిదాన్ని, దీన్ని వదిలేశాను. గ్రాఫు కాగితం తీశాను. వాయిదా గీత రెండేళ్ళు బుద్ధిగా నేలమీద పాకింది. ఆ తర్వాత లేచి నించుంది, గోడ పట్టుకుంది, మూడో ఏటికి మా ఇద్దరి జీతాల గీత నెత్తినెక్కి కూర్చుంది. అందాకా కట్టిందీ పోయి, ఇల్లూ పోయి, పాపని ఎత్తుకుని మళ్ళీ రోడ్డున పడతాం.

మా ఆయన గ్రాఫు తిరగేసి చూశాడు. "ఇలా పట్టుకుంటే బానే ఉంది," అన్నాడు. ఆయన గొంతు మాత్రం బాలేదు.

బుధవారం సాయంత్రం పెద్దమ్మ ఇంటికి పరిగెత్తాను.

"రద్దు చేసుకోమంటావా?"

"నేను చెప్పకూడదే. చెబితే ఉద్యోగం ఊడుతుంది. మీరేం అనుకున్నారు?"

"రద్దు చేసుకుందామనే అనుకున్నాం. కానీ కాగితం అందిందని అమ్మినవాళ్ళ చేత సంతకం పెట్టించుకుని రావాలట కదా!"

"అవును. నియమం రాసిన పుణ్యాత్ములు అదొకటి పెట్టారు. వచ్చేవాళ్ళలో సగంమంది అక్కడే ఆగిపోతారు."

"ఆయన పాపని ఎత్తుకున్నాడు పెద్దమ్మా. కుందేలు ఇచ్చాడు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?"

"నా ముఖం పెట్టుకుని వెళ్ళు."

అర్థం కాక చూశాను.

"మా పెద్దమ్మ ఒప్పుకోలేదని చెప్పు. గిన్నెలు విసిరిందని చెప్పు. గుమ్మంలో అడ్డంగా పడుకుందని చెప్పు."

"నువ్వు గొంతు పెంచడం కూడా నేనెప్పుడూ చూళ్ళేదు!"

"వాళ్ళు మాత్రం చూశారా?" అంది పెద్దమ్మ, పాప మూతి తుడుస్తూ.

గురువారం రెండు గంటలకి అమ్మకాల ఆఫీసులో కూర్చున్నాం. మేనేజరు మమ్మల్ని చూడగానే చేతులు చాచాడు. పాప వెంటనే ఆయన మీదికి దూకింది, నా పరువు తీయడానికే పుట్టినట్టు. మా ఆయన వైపు చూశాను. ఆయన సీలింగు ఫ్యాను వైపు చూశాడు. కుందేలు బొమ్మని బల్ల మీద పెట్టి, దాని చెవులు సరిచేసి, ఎలాగో అన్నాను.

"మరేం లేదండీ... మా పెద్దమ్మ..."

మేనేజరు పాపని మెల్లగా మా ఆయన చేతికిచ్చి, కుర్చీలో కూలబడ్డాడు.

"మీకు కూడానా?"

"ఏంటండీ?"

"పెద్దమ్మ!" సొరుగులోంచి నోటు పుస్తకం తీశాడు. "ఈ నెల్లో పదకొండో పెద్దమ్మ. గిన్నెలు విసిరిందా?"

"ఆ... విసిరింది."

"గుమ్మంలో పడుకుందా?"

"అడ్డంగా," అన్నాడు మా ఆయన, ధైర్యం తెచ్చుకుని.

"అందరి పెద్దమ్మలూ అడ్డంగానే పడుకుంటారండీ! ఒక్కరైనా నిలువుగా పడుకోరే!" ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. "మొన్నొకాయన వచ్చాడు మేడమ్, డెబ్భై రెండేళ్ళు. ఆయనకీ పెద్దమ్మేనట. ఆవిడ వయసెంతుంటుందో మీరే చెప్పండి. ఆ వయసులో గిన్నెలు విసురుతోందంటే ఏం తింటోందో కనుక్కుని చెప్పమన్నాను."

సంతకం పెట్టాడు. కాగితం ఇస్తూ కుందేల్ని కూడా మా వైపు తోశాడు. "ఇది ఉంచండి. బొమ్మకి నియమాల్లేవు."

బస్సు దిగి రక్షణ కార్యాలయానికి చేరేసరికి మూడూ ఇరవై. నాలుగో కౌంటర్ ముందు నలుగురున్నారు. నా చేతిలో కాగితం చెమటకి మెత్తబడుతోంది. నా ముందు నించున్నాయన లారీ డ్రైవరట. తలుపు నిండా ఉన్నాడు. ఆయన వంతు వచ్చింది. కాగితం లోపలికి తోసి, చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు.

"ఏమీ అనుకోకండమ్మా. మీరు చెప్పినట్టే మా పెద్దమ్మ ఒప్పుకోలేదని చెప్పేశాను."

"మంచి పని చేశావు నాయనా," అంది లోపల్నించి పెద్దమ్మ గొంతు. "ఇంకా ఏమన్నానంట నేను?"

"చాలా గట్టిగా అరిచారండి."

"కొట్టానా?"

"కొట్టబోయారండి. నేనే పట్టుకుని ఆపాను."

"సంతోషం. ఇక్కడ వేలిముద్ర వద్దు, సంతకమే పెట్టు. కారణం రాయక్కర్లేదు."

టప్. లారీ డ్రైవరు రసీదు మడిచి జేబులో పెట్టుకుని, కిటికీకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వెళ్తూ నన్ను చూసి, "భలే మనిషండీ మా పెద్దమ్మ," అన్నాడు. నాకొక్క క్షణం అసూయ కూడా వేసింది.

నా వంతు.

"గుర్తింపు కార్డు," అంది పెద్దమ్మ, తలెత్తకుండా.

"పెద్దమ్మా, నేనే."

"తెలుసు. కార్డు."

కార్డు ఇచ్చాను. దాని మీది ఫొటో చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫొటో చూసింది. ఇరవై ఏడేళ్ళుగా ఎరిగిన ముఖాన్ని అంత అనుమానంగా చూడ్డం ఆవిడకే చెల్లింది. ఆ తర్వాత ఒప్పందం కాగితాలు తిప్పుతూ ముప్ఫై ఎనిమిది సంతకాలూ వేలు పెట్టి లెక్కబెట్టింది. గోడ మీది ముల్లు మూడూ నలభై నాలుగు దగ్గర ఉంది.

టప్.

అంత కమ్మటి చప్పుడు నేనెప్పుడూ వినలేదు. మా ఆయన పక్కనున్న బల్ల మీద కూలబడి, పాపని ముద్దు పెట్టుకోబోయి కుందేల్ని పెట్టుకున్నాడు.

"ఎంతమందికమ్మా నువ్వు పెద్దమ్మవి?" అన్నాను.

"లెక్కబెట్టలేదు." గొంతు తగ్గించింది. "వాళ్ళందరికీ నియమం తెలుసే. వద్దనుకున్నారు కూడా. అవతలి మనిషి ముఖం చూసి 'వద్దు' అనడానికే నోరు రాదు. పరువు. మొహమాటం. ఆ కాస్త మాటకి జీవితాంతం వాయిదాలు కడతారు."

"అందుకని నువ్వు తిట్లు తింటున్నావా?"

"నేనెక్కడ తింటున్నాను? నేనిక్కడ కూర్చున్నాను. ఆవిడెవరో పిచ్చిది తింటోంది."

"మరి ఇంట్లో ఈ చీటీలూ, స్టాంపులూ, పెద్దనాన్న జుట్టూ...? అదంతా నాటకమా?"

పెద్దమ్మ ఆలోచించింది. "కాదులే. నాక్కాస్త పిచ్చి కూడా ఉంది," అని ఒప్పుకుంది. తర్వాత ఇంకో కాగితం తోసింది. "ఇది పట్టుకుని ఏడో కౌంటర్‌కి వెళ్ళు, అద్దెకున్నవాళ్ళ సంగతి అక్కడ చూస్తారు. చెమ్మ గోడ బాగుచేయించడం ఇంటి యజమాని బాధ్యత. చేయించకపోతే అద్దెలో కోసుకోవచ్చు. అక్కడ మూడు రోజులు ఆగక్కర్లేదు, ఇవ్వాళే రాసిచ్చెయ్."

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"గోడకి చెమ్మ అని నువ్వెప్పుడు చెప్పావు? గ్రాఫులో పాప తుమ్ములే చూపించావు. నేను జలుబనుకున్నాను."

ఏడో కౌంటర్ పని ముగించుకుని తిరిగి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. నాలుగో కౌంటర్ ముందు ఒక్కడే మనిషి ఉన్నాడు. వెనకనించి కూడా గుర్తుపట్టాను. అమ్మకాల మేనేజరు!

మా కాగితం మీద ఏదైనా పేచీ పెట్టడానికి వచ్చాడేమోనని స్తంభం వెనక నక్కాను. పాప మాత్రం ఆయన్ని చూసి కేరింతలు కొట్టింది. ఆయన వెనక్కి తిరిగి, మమ్మల్ని చూసి, ముఖం దాచుకునే చోటు కోసం వెతికాడు. అక్కడ రెండో స్తంభం లేదు.

"రద్దు ఫారం ఒకటి కావాలండీ," అన్నాడు పెద్దమ్మతో, నీరసంగా. "నాకే. మా కంపెనీలో పనిచేసేవాళ్ళు తలా ఒక ఫ్లాటు కొనాలన్నారు. నిన్న సంతకం పెట్టించేశారు. రాత్రి ఇంటికెళ్ళి పంతొమ్మిదో పేజీ చదివాను."

"ఇంతకుముందు చదవలేదా?"

"చదివి ఉంటే అమ్మగలిగేవాడినా అమ్మా?"

పెద్దమ్మ ఫారం తీసిచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని కదల్లేదు.

"అందినట్టు మా ఎండీ గారి దగ్గర సంతకం పెట్టించుకోవాలి. ఆయనకి ఏం చెప్పాలో తెలీట్లేదు."

"మీ పెద్దమ్మ ఒప్పుకోలేదని చెప్పండి."

మేనేజరు ఆవిడ కళ్ళజోడు చూశాడు. పక్కనున్న స్టాంపు చూశాడు. స్తంభం పక్కనున్న నన్ను చూశాడు. నెమ్మదిగా, భూమి గుండ్రంగా ఉందని మొదటిసారి కనిపెట్టినవాడిలా, ఆయన నోరు తెరుచుకుంది.

"మీరేనా!"

"కూర్చో నాయనా."

"అమ్మా, ఆ మాట మా ఆఫీసులో చెల్లదు. పెద్దమ్మ పేరు చెబితే నమ్మొద్దని ఇందాకే అందరికీ నోటీసు పంపింది నేనే!"

పెద్దమ్మ కలం మూత పెట్టి, కాసేపు గడియారం వైపు చూసింది. కౌంటర్ మూయడానికి ఇంకా రెండు నిమిషాలుంది.

"మీ ఎండీ గారికి మేనత్త ఉందా?"

"ఉందండీ. ఆయన వణికిపోతాడు ఆవిడంటే."

"అయితే ఇంకేం," అంది పెద్దమ్మ. "వెళ్ళి మా మేనత్త ఒప్పుకోలేదని చెప్పు. గిన్నెలు కూడా అక్కర్లేదు."